బిడ్డ కావాలనుకుంటే మూడు నెలల ముందు నుంచి: ఇద్దరికీ తిండి, అలవాట్లు, రోజుల లెక్క

"ఏమైనా విశేషమా?" అని చుట్టాలు అడగడం మొదలుపెట్టాకే చాలా ఇళ్లలో పిల్లల గురించి ఆలోచన మొదలవుతుంది. అప్పుడైనా ఆ హడావిడంతా అమ్మాయి చుట్టూనే. ఆమెకు స్కానింగులు, ఆమెకు మందులు, ఆమెకు మొక్కులు. రోజుకు ఎన్ని సిగరెట్లు కాలుస్తున్నావని అబ్బాయిని అడిగేవాళ్లు ఉండరు. ఈ మార్గదర్శి ఇద్దరికీ. పైగా ఇది రోజుల లెక్కతో కాక, దానికి మూడు నెలల ముందు నుంచి మొదలవుతుంది.

మగవాళ్లలో ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 70–75 రోజులు పడుతుంది. అది పూర్తిగా ఎదిగి బయటికి రావడానికి ఆపైన ఇంకొన్ని రోజులు. అంటే ఈ రోజు గుట్కా మానేస్తే ఫలితం కనిపించేది మూడో నెలలో. ఆడవాళ్ల వైపు గడువు ఇంకా ఇరుకు. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజులలోపే మూసుకుపోతుంది. నెల తప్పిందని గమనించి, కిట్‌తో చూసుకుని, డాక్టర్ దగ్గర టోకెన్ దొరికేసరికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ బిళ్లలు ముందే మొదలుపెట్టమనడం అందుకే.

మొదటి వారం: పరీక్షలు, పాత మందుల చీటీలు

ముందుగా ఇద్దరూ కలిసి ఒకసారి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇద్దరూ వాడుతున్న ప్రతి మందు చీటీ వెంట ఉండాలి, మొటిమల మందు, జుట్టు రాలకుండా వేసుకునే బిళ్ల సహా. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ గర్భంలో బిడ్డకు చాలా ప్రమాదం. కనీసం నెల రోజుల ముందే ఆపాలి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, కొన్ని బీపీ మందులు, కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ కూడా మార్చాల్సినవే. అయితే సొంతంగా ఆపడం ఇంకా ప్రమాదం. ముఖ్యంగా మూర్ఛ మందు ఒక్క రోజు మానినా ఫిట్స్ రావచ్చు. మార్చేది డాక్టరే.

అమ్మాయికి చేయించాల్సినవి: హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), షుగర్, బీపీ, రుబెల్లా నిరోధకత, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సిఫిలిస్. చివరి మూడూ అబ్బాయికీ చేయించాలి. రుబెల్లా నిరోధకత లేకపోతే టీకా వేయించుకుని, ఆ తర్వాత నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. మూడు నెలల ముందే మొదలుపెట్టినవాళ్లకు ఆ నెల వృథా కాదు. షుగర్ ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) వీలైతే 6.5 శాతం లోపుకు వచ్చాకే ప్రయత్నం మొదలుపెట్టడం మంచిది. 10 దాటి ఉంటే మాత్రం ముందు షుగర్, తర్వాతే గర్భం.

మన దగ్గర చాలామంది దాటేసే పరీక్ష ఇంకొకటుంది: హెచ్‌పీఎల్‌సీ. తలసీమియా, సికిల్ సెల్ లక్షణం ఒంట్లో దాగి ఉందేమో ఇది చెబుతుంది. దాగి ఉన్నవాళ్లు మామూలుగానే ఉంటారు, కాస్త రక్తం తక్కువంటారంతే. భార్యాభర్తలిద్దరికీ అదే లక్షణం ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికం చేసుకున్నవాళ్లు, ఏజెన్సీ ప్రాంతాలవాళ్లు, ఇంట్లో ఎవరికైనా పదేపదే రక్తం ఎక్కించాల్సి వచ్చినవాళ్లు దీన్ని తప్పనిసరిగా చేయించుకోవాలి. ఇద్దరిలో ఒకరికి చేయించి, ఉందని తేలితేనే రెండోవారికి చేయిస్తే చాలు.

ప్యాకేజీల్లో కలిపి అంటగట్టే ఏఎంహెచ్ పరీక్ష ఇప్పుడే అక్కర్లేదు. అండాల నిల్వ ఎంతుందో అది సుమారుగా చెబుతుంది గానీ, మామూలుగా ప్రయత్నించే జంటకు గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పలేదు. అంకె తక్కువ వచ్చిందని భయపడి నేరుగా ఐవీఎఫ్ సెంటర్ మెట్లెక్కిన పాతికేళ్ల అమ్మాయిలున్నారు.

గర్భనిరోధకాల సంగతి. మాత్రలు మానిన నెలా రెండు నెలల్లో, కాపర్‌టీ తీయించిన వెంటనే అండం విడుదల మళ్లీ గాడిన పడుతుంది. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ (ప్రభుత్వాసుపత్రుల్లో 'అంతర') అలా కాదు, చివరి డోసు తర్వాత తొమ్మిది, పది నెలలు పట్టడం మామూలే. వచ్చే ఏడాది బిడ్డ అనుకునేవాళ్లు ఈ ఏడాది ఆ ఇంజెక్షన్ వేయించుకోకూడదు.

బిళ్లలు: స్ట్రిప్పు మీద అంకె చదవండి

ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, ప్రయత్నానికి కనీసం నెల ముందు నుంచి, వీలైతే మూడు నెలల ముందు నుంచి, గర్భం వచ్చాక 12 వారాలు నిండేదాకా. మందుల షాపులో "ఫోలిక్ యాసిడ్ ఇవ్వండి" అంటే చాలాసార్లు చేతిలో పడేది 5 మిల్లీగ్రాముల బిళ్ల. అది 5,000 మైక్రోగ్రాములు, కావాల్సినదానికి పన్నెండు రెట్ల పైన. షుగర్ ఉన్నవాళ్లు, మూర్ఛ మందు వాడేవాళ్లు, అంతకుముందు బిడ్డకు వెన్నుపాము లోపం వచ్చినవాళ్లు, బాగా బరువున్నవాళ్లకు డాక్టర్లు రాసే మోతాదు అది. మిగతావాళ్లు స్ట్రిప్పు తిప్పి 'ఎంసీజీ' అని ఉందో 'ఎంజీ' అని ఉందో చూసి 400 ఎంసీజీది అడిగి తీసుకోవాలి. పెద్ద మోతాదుతో ఇంకో చిక్కు: బీ12 లోపం వల్ల వచ్చే రక్తహీనత పైకి కనపడకుండా పోతుంది, నరాలకు జరిగే నష్టం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. శాకాహారులు, గుడ్డు కూడా ముట్టనివాళ్లు బీ12 ఒకసారి చూపించుకుని, తక్కువుంటే బిళ్లలు వేసుకోవాలి. పెరుగూ పాలూ తింటున్నాం కదా అని ఊరుకుంటే సరిపోదు.

ఇక రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కాబట్టి "నాకేం, బాగానే ఉన్నాను" అన్న అంచనా మీద వదిలేయొద్దు. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. తగ్గినవాళ్లకు రోజూ వేసుకునే ఐరన్ బిళ్ల డాక్టర్ రాస్తారు. 12 దాటి ఉన్నవాళ్లకు ప్రభుత్వ కార్యక్రమంలో వారానికొక ఎర్రబిళ్ల ఉంది, అందులో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆశా కార్యకర్తనో సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంనో అడిగితే చెబుతారు.

ఐరన్ బిళ్ల వేసుకున్నా రక్తం పెరగలేదనేవాళ్ల ఇంట్లో చూస్తే కారణం చాలాసార్లు టీ కప్పులోనే ఉంటుంది. బిళ్ల, వెంటనే టీ. టీ, కాఫీ, పాలు, కాల్షియం బిళ్ల, ఇవన్నీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసంతో గానీ, జామకాయ ముక్క తిన్నాక గానీ వేసుకుంటే బాగా పడుతుంది. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్న గంట తర్వాత వేసుకోండి. మలం నల్లగా రావడం మామూలే, అది చూసి మానేయొద్దు. నులిపురుగుల మందు (ఆల్బెండజోల్ 400 మి.గ్రా.) వేసుకోవాలనుకుంటే నెలసరి రోజుల్లోనే, ప్రయత్నం మొదలుపెట్టకముందే వేసేసుకోండి. గర్భం తొలి మూడు నెలల్లో వాడకూడని మందు అది.

కంచం: అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు ఒక గరిటె పెంచి

'సంతానానికి ఫలానా పండు' అంటూ తిరిగే జాబితాల్ని పక్కన పెట్టండి. మన తిండిలో అసలు లోటు వేరే చోట ఉంది. అన్నం ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. 55 కిలోల అమ్మాయికి రోజుకు సుమారు 45 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 6–7, గుప్పెడు వేరుశనగల్లో 7, చిన్న గిన్నెడు పెరుగులో 5 ఉంటాయి. పప్పుచారు, రసం పోసుకుని "పప్పు తిన్నాం" అనుకునేవాళ్లు ఒకసారి గిన్నె అడుగు దాకా గరిటె పెట్టి చూడాలి. నలుగురికి చేసిన పప్పుచారులో చిన్న గుప్పెడు పప్పు ఉంటుందంతే. ముద్దపప్పో పాలకూర పప్పో అయితే లెక్క వేరు.

ఒక రోజు ఇలా ఉంటే సరిపోతుంది.

ఉదయం రెండు పెసరట్లు అల్లం పచ్చడితో, లేదా మూడు ఇడ్లీలు చిక్కటి సాంబారుతో, పక్కన ఒక ఉడికించిన గుడ్డు. ఉప్మా తినే రోజున గుడ్డు రెండు, లేదా మొలకలు ఒక గిన్నె. పదకొండింటికి జామకాయ గానీ బత్తాయి గానీ, రసం తీయకుండా. మధ్యాహ్నం కంచంలో సగం కూరా ఆకుకూరా, పావు అన్నం, పావు పప్పు లేదా చికెన్ లేదా చేప, చివర పెరుగు. సాయంత్రం మిరపకాయ బజ్జీల బదులు శనగ గుగ్గిళ్లు, ఉడికించిన పల్లీలు. రాత్రి రెండు జొన్న రొట్టెలు, కూర. ఎనిమిదిన్నర లోపు భోజనం ముగిస్తే మేలు. రాగి జావ కాల్షియానికి మంచిదే. అందులో బెల్లం గుమ్మరిస్తే మాత్రం ప్రయోజనం సగం పోతుంది. మజ్జిగా ఉప్పూ వేసుకుని తాగండి.

ఆకుకూరల్లో తోటకూర, మెంతికూర, మునగాకు మారుస్తూ వారంలో కనీసం నాలుగు రోజులు. కోసి కడగకుండా, కడిగి కోయండి. మూత పెట్టి తక్కువ నీళ్లలో మగ్గించి, దించాక నిమ్మకాయ పిండండి. ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే ఫోలేట్ (ఆకుల్లో సహజంగా ఉండే ఫోలిక్ యాసిడ్) ఆ నీళ్లతోనే పోతుంది.

రేషన్ బియ్యంలో అక్కడక్కడా తేడాగా కనిపించే గింజల్ని 'ప్లాస్టిక్ బియ్యం' అని ఏరిపారేసే ఇళ్లు చాలా ఉన్నాయి. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి బియ్యప్పిండితో చేసిన గింజలు. పారేస్తున్నది ఆ పోషకాలనే.

నూనె ఇద్దరికి నెలకు ఒకటిన్నర లీటరు దాటకుండా చూసుకోండి. బజారు పునుగుల నూనె ఈ లెక్కలోకి రాదు, అసలు అదే వద్దు. ఉప్పు అయోడిన్ ఉన్నదే వాడండి. రాక్ సాల్ట్ మంచిదని ఇల్లంతా దానికి మారినవాళ్లకు అయోడిన్ తగ్గుతుంది, అది బిడ్డ మెదడుకు అవసరం.

చేపలు వారానికి రెండుసార్లు. కవళ్లు, కానాగంతలు లాంటి చిన్న సముద్రపు చేపలు, చెరువు చేపల్లో రాగండి, బొచ్చె మంచివి. సొరచేప, కొమ్ముకోనాం లాంటి పెద్ద వేట చేపల్లో పాదరసం పోగవుతుంది, అమ్మాయి అవి మానాలి. "రక్తం పడుతుంది, కార్జం తిను" అని పెద్దవాళ్లు వేటకార్జం వండిపెడతారు. రక్తానికి మంచిదే, కానీ అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ. తొలి వారాల్లో అది బిడ్డకు మంచిది కాదు కాబట్టి ప్రయత్నం మొదలుపెట్టాక మానేయాలి. ఏ మాంసమైనా గుడ్డయినా పూర్తిగా ఉడికించి, పాలు కాచి తీసుకోండి.

బొప్పాయి గొడవ ఒకటుంటుంది. పండిన బొప్పాయి తింటే గర్భం రాకుండా పోదు, వచ్చింది పోదు. పచ్చికాయలోని పాలతోనే అనుమానం, పచ్చిబొప్పాయి కూర గర్భం వచ్చాక మానితే చాలు.

కాఫీ, టీలు కలిపి రోజుకు 200 మి.గ్రా. కెఫీన్ లోపు. చిక్కటి ఫిల్టర్ కాఫీ అయితే రెండు చిన్న కప్పులు, అంతే. మద్యం అమ్మాయి పూర్తిగా మానాలి.

బరువు: ఐదు శాతం తగ్గితే చాలు

కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. మనవాళ్లకు 18.5 నుంచి 22.9 మధ్య ఉంటే మంచిది, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. 155 సెంటీమీటర్ల ఎత్తు, 62 కిలోల అమ్మాయికి అది 25.8. పీసీఓడీ ఉండి నెలసరి సరిగా రానివాళ్లు 5 నుంచి 10 శాతం బరువు తగ్గినా చాలామందికి అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. ఈ అమ్మాయికి అది మూడు కిలోలతో మొదలు. నెలకు రెండు కిలోలకు మించి తగ్గే డైట్లు, ద్రవాలు మాత్రమే తాగే పద్ధతులు ఇప్పుడు వద్దు; ఒంటికి తిండి చాలకపోతే మొదట ఆగేది అండం విడుదలే. 18.5 కంటే తక్కువున్నవాళ్లకూ ఇదే కారణంగా నెలసరి తప్పుతుంది. వాళ్లు తగ్గడం కాదు, పెరగాలి.

వారానికి ఐదు రోజులు అరగంట చురుకైన నడక, రెండు రోజులు బరువులు ఎత్తే వ్యాయామం ఇద్దరికీ సరిపోతుంది. అబ్బాయి పొట్ట కూడా ఈ లెక్కలోదే. ఊబకాయం మగవాళ్లలో హార్మోన్ల సమతూకం చెడగొట్టి వీర్యకణాలను తగ్గిస్తుంది.

అబ్బాయి చేయాల్సింది

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఈ భాగాన్ని భార్య చదివి వినిపించడం కాకుండా ఆయనే చదివితే మంచిది.

జిమ్‌తో మొదలుపెడదాం, ఈ మధ్య ఎక్కువగా కొంప ముంచుతున్నది అదే కాబట్టి. కండలకోసం వేయించుకునే టెస్టోస్టిరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వీర్యకణాల తయారీని ఆపేస్తాయి. బయటి నుంచి హార్మోన్ వచ్చిపడుతుంటే మెదడు 'ఇక చాలు' అనుకుని వృషణాలకు సంకేతాలు పంపడం మానేస్తుంది. కొందరికి రిపోర్టులో కణాలు సున్నా వస్తాయి. ఆపాక తిరిగి రావడానికి ఆర్నెల్ల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. కోరిక తగ్గిందనో నీరసమనో చెబితే పిల్లలు కావాలనుకుంటున్న సంగతి అడక్కుండానే టెస్టోస్టిరాన్ రాసే చోట్లూ ఉన్నాయి, ఆ మాట మీరే ముందు చెప్పండి. జుట్టుకు ఫినాస్టెరైడ్ వాడుతుంటే అది కూడా చెప్పాలి. మామూలు వే ప్రోటీన్‌తో ఈ చిక్కు లేదు, జిమ్‌లో విడిగా పొట్లం కట్టి ఇచ్చే పొడులతోనే భయం.

పొగ, గుట్కా, ఖైనీ: తగ్గించడం కాదు, మానడం. ఇంట్లో ఆయన పొగ ఆమెకూ పోతుంది. ఒంటరిగా మానలేకపోతే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయొచ్చు, ఉచితం.

వేడి. వృషణాలు ఒంటికి బయట ఉన్నదే శరీరం కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండటానికి. ఒళ్లో ల్యాప్‌టాప్, బిగుతు జీన్స్ కింద బిగుతు లోదుస్తులు, ఆవిరి స్నానాలు మానేయండి. బట్టీల దగ్గర, బేకరీ ఓవెన్ల ముందు, లారీ ఇంజిన్ పక్కన గంటల తరబడి పనిచేసేవాళ్లు గంటకోసారి లేచి పది నిమిషాలు చల్లటి చోటికి వెళ్లాలి. డెంగీలాంటి జ్వరం వచ్చి తగ్గిన తర్వాత రెండు మూడు నెలల దాకా కణాలు తగ్గి ఉండొచ్చు. ఆ మధ్యలో చేయించిన రిపోర్టు చూసి బెంగ పడొద్దు, మూడు నెలలాగి మళ్లీ చేయించండి.

మిర్చి, పత్తి చేలల్లో పురుగుమందు కొట్టేవాళ్లు గ్లవ్స్, మాస్కు, పూర్తి చేతుల చొక్కా లేకుండా దిగొద్దు. గాలికి ఎదురుగా కొట్టొద్దు, చేత్తో మందు కలపొద్దు. ఇంటికి రాగానే స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకాలి. చాలా ఇళ్లలో అవి ఉతికేది భార్యే కాబట్టి ఆమె చేతికీ గ్లవ్స్ ఉండాలి.

వీర్యవృద్ధి అని అమ్మే పొడులకు, జింక్ కలిపిన మాత్రలకు వేలకు వేలు పోసేముందు ఒక సంగతి. 2020లో అమెరికాలో 2,370 జంటల మీద చేసిన పరిశోధనలో మగవాళ్లకు ఆరు నెలలు జింక్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. బిడ్డలు పుట్టడంలో ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడా రాలేదు. ఆ డబ్బుతో రోజూ గుడ్లు, బాదం, పళ్లు కొనుక్కోవచ్చు. పేరూ మోతాదూ లేని పసరు మందులు, భస్మాలు ఇద్దరూ ముట్టుకోవద్దు, కొన్నింట్లో సీసం, పాదరసం ఉంటాయి. 'మగబిడ్డ పుట్టే మందు' ఇస్తామనేవాళ్ల గడప తొక్కొద్దు. బిడ్డ ఆడా మగా అన్నది వీర్యకణంతోనే తేలిపోతుంది, తర్వాత ఏ మందూ దాన్ని మార్చలేదు.

రోజుల లెక్క

అండం విడుదలయ్యాక బతికేది 12 నుంచి 24 గంటలు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. కాబట్టి గర్భం నిలిచే రోజులు నెలకు ఆరు: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు.

లెక్క ఇలా వేయండి:

1. రక్తస్రావం మొదలైన రోజును 'ఒకటో రోజు' అనుకోండి. మచ్చలా కనిపించినది కాదు, బాగా మొదలైన రోజు.
2. మూడు నెలలు ఆ తేదీలు క్యాలెండర్ మీద రాయండి. ఒక నెలసరికీ ఇంకో నెలసరికీ మధ్య ఎన్ని రోజులో చూడండి.
3. తక్కువ రోజుల నెలలోంచి 14, ఎక్కువ రోజుల నెలలోంచి 14 తీసేయండి. 26, 30 రోజులైతే 12, 16 వస్తాయి.
4. మొదటి అంకెలోంచి ఇంకో ఐదు తీసేయండి. అంటే 7వ రోజు నుంచి 16వ రోజు దాకా మీకు అవకాశం ఉన్న రోజులు.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ఐదో రోజు తలస్నానం చేశాక అక్కడి నుంచి ఒకటీ రెండూ అని లెక్కపెడతారు. అలా లెక్కపెట్టిన '14వ రోజు' నిజానికి 18వ రోజు. 28 రోజుల నెలసరి ఉన్న అమ్మాయికి అండం వచ్చి, పోయి మూడు రోజులైంది. రెండేళ్లు ఇదే లెక్కతో గడిపి 'అంతా నార్మల్' రిపోర్టులతో తిరిగే జంటలున్నాయి.

లెక్కలు చిరాకనిపిస్తే వదిలేయండి. నెలసరి తగ్గినప్పటి నుంచి రెండు మూడు రోజులకోసారి కలిస్తే ఏ లెక్కా అక్కర్లేదు. 'బలం దాచుకోవాలి' అని పదిహేను రోజులు ఆగి ఆ ఒక్కరోజే కలవడం తప్పు పద్ధతి. ఎక్కువ రోజులు ఆగితే కణాల సంఖ్య పెరుగుతుంది గానీ కదలిక తగ్గుతుంది.

శరీరమే ఇచ్చే గుర్తు ఇంకోటి: తెల్లబట్ట పలచగా, జారుగా, పచ్చి గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంటే ఆ రోజుల్లోనే ఉన్నట్టు. ఎల్‌హెచ్ కిట్ (అండం విడుదలను మూత్రంతో ముందే పసిగట్టేది) వాడేవాళ్లు పరీక్షకు రెండు గంటల ముందు ఎక్కువ నీళ్లు తాగకూడదు. రెండు గీతలూ సమానంగా ముదురుగా వస్తే వచ్చే ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది. పీసీఓడీ ఉంటే ఈ కిట్లు అబద్ధం చెప్పొచ్చు, వాటి మీద డబ్బు పెట్టొద్దు.

కలిశాక నడుము కింద దిండు, కాళ్లు గోడకు, గంట సేపు కదలకుండా పడుకోవడం, ఇవేవీ అక్కర్లేదు. కొంత బయటికి కారడం సహజం, కావాల్సినవి అప్పటికే పైకి వెళ్లిపోయి ఉంటాయి. లోపల సబ్బుతో కడగొద్దు. ఉమ్మి, మామూలు జెల్లీలు కణాల కదలికను తగ్గిస్తాయి. అవసరమైతే గర్భధారణకు అనువైనదని రాసి ఉన్న జెల్లీ అడగండి. అండం విడుదలయ్యే రోజుల్లో నొప్పి బిళ్లలు (ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్) వరసగా వేసుకోవద్దు, అండం విడుదలను అవి ఆపొచ్చు, పారాసిటమాల్ చాలు. నొప్పి వల్లో భయం వల్లో అసలు కలయికే సరిగా జరగని జంటలు మీరనుకునేదానికంటే ఎక్కువ. సిగ్గుపడి దాచకుండా డాక్టర్‌కు ముందే చెబితే ఎన్నో పరీక్షలు తప్పుతాయి.

ఆషాఢంలో పుట్టింటికి వెళ్లిన నెల, ఆయన అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులు, ఆయన గల్ఫ్‌లోనో ఆన్‌సైట్‌లోనో ఉన్న నెలలు ప్రయత్నం కిందికి రావు. దీక్ష మానమని కాదు, లెక్కలోంచి తీసేయమని. "రెండేళ్లయింది" అనేవాళ్లు కలిసున్న నెలలు లెక్కపెడితే ఒక్కోసారి తొమ్మిదే తేలతాయి. అవకాశం ఉన్న రోజులకు రాత్రి షిఫ్టు మార్చుకోగలిగితే మార్చుకోండి. నెలకు ఆరు రోజుల్లో ఇద్దరూ ఒకే సమయానికి మెలకువగా ఉండటమే ఐటీ జంటల్లో పెద్ద సమస్య.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి

40 ఏళ్లలోపు జంటల్లో 80 శాతం పైగా మొదటి ఏడాదిలోనే గర్భం వస్తుంది, మిగిలినవాళ్లలో దాదాపు సగం మందికి రెండో ఏడాదిలో. అందుకని అమ్మాయి వయసు 35 లోపైతే ఏడాది, 35 దాటితే ఆర్నెల్లు చూడండి. నెలసరి 35 రోజులు దాటి వస్తున్నా, రెండుసార్లు గర్భం పోయినా, అంతకుముందు టీబీ వచ్చినా, ఆయనకు చిన్నప్పుడు వృషణాలు కిందికి దిగకపోయినా, గవదబిళ్లలతో వృషణాలు వాచినా అంత ఆగకూడదు.

మొదట చేయించాల్సింది వీర్య పరీక్ష. చవకైనది, నొప్పి లేనిది. అయినా మన దగ్గర అమ్మాయికి లాపరోస్కోపీ (కడుపులోకి కెమెరా పంపి చూడటం) అయ్యాక గానీ దీని సంగతి రాదు. సరిగ్గా చేయించడం ఎలాగంటే: ముందు 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉండాలి. నమూనా మొత్తం డబ్బాలో పడాలి, మొదటి భాగం జారిపోతే రిపోర్టు తప్పుతుంది, ఎందుకంటే కణాలు ఎక్కువుండేది అందులోనే. కండోమ్‌లో పట్టుకురావొద్దు, సబ్బు, నూనె వాడొద్దు. ఇంటి నుంచి తెస్తే గంటలోపు ల్యాబ్‌లో ఇవ్వాలి, ఏసీ గాలి తగలకుండా చొక్కా లోపల ఒంటికి ఆనించి తీసుకెళ్లండి. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పరిమాణం 1.4 మి.లీ., మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, సరైన ఆకారం 4 శాతం, ఇవి కింది హద్దులు. ఆకారం '4 శాతమే' అని చూసి కంగారు పడేవాళ్లు ఎక్కువ. అది హద్దులోనే ఉంది. ఏదైనా తక్కువొస్తే ఒక్క రిపోర్టుతో నిర్ణయాలొద్దు, మధ్యలో సుమారు మూడు నెలలిచ్చి, అదే ల్యాబ్‌లో రెండోసారి చేయించండి. కణాలు అసలే లేకపోతే, మరీ తక్కువగా ఉంటే మాత్రం ఆ మూడు నెలలూ ఆగకుండా వెంటనే రెండో నమూనా ఇచ్చి యూరాలజిస్టును కలవండి.